చట్టం పాతబడితే దాన్ని ఎవరు చూస్తారు?

కాలం చెల్లిన చట్టాల సమీక్ష రాష్ట్రాల్లో ఎలా జరుగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు ఒక చట్టాన్ని కొట్టివేసింది. దాని పేరు తెలంగాణ యూనక్స్ యాక్ట్, 1329 ఫసలీ. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. అంటే ఇది 1919 నాటి నిజాం కాలపు చట్టం. హైదరాబాద్‌లో ఉండే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పేర్లతో పోలీసులు రిజిస్టరు పెట్టాలని ఆ చట్టం చెప్పింది. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడవేషంలోనో, ఆడవారి నగలతోనో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల వరకు జైలు కూడా వేయవచ్చు. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం ఇది రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తేల్చింది.

తీర్పు మీద అప్పట్లో చాలా చర్చ జరిగింది. జరగాల్సిన మరో చర్చ మాత్రం జరగలేదు. ఆ చట్టం 2023 దాకా ఎలా బతికింది? 1948లో నిజాం పాలన పోయింది. 1950లో రాజ్యాంగం వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014లో తెలంగాణ వచ్చింది. అదే ఏడాది నల్సా కేసులో ట్రాన్స్‌జెండర్ల హక్కులను సుప్రీంకోర్టు గుర్తించింది. 2019లో పార్లమెంటు వారి కోసం ప్రత్యేక చట్టమే చేసింది. ఇన్ని మలుపుల్లో ఏ ఒక్క చోటా శాసనసభ ఆ చట్టాన్ని చేతిలోకి తీసుకుని చదవలేదు. చివరికి 2018లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్తలు కోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. శాసనసభ చేయాల్సిన పనిని బాధితులు తమ ఖర్చుతో, తమ సమయంతో చేయించుకున్నారు.

చట్టానికి చావు లేదు

మన దేశంలో చట్టానికి గడువు తేదీ ఉండదు. ఆర్డినెన్సులకు, కొన్ని తాత్కాలిక చట్టాలకు తప్ప. రాజ్యాంగంలోని 372వ అధికరణం ప్రకారం, 1950 జనవరి 26కు ముందు అమల్లో ఉన్న చట్టాలన్నీ అధికారం గల చట్టసభ మార్చేదాకా, సవరించేదాకా, రద్దు చేసేదాకా కొనసాగుతాయి. బ్రిటిష్ చట్టాలైనా, సంస్థానాల ఫర్మానాలైనా సరే. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైనవి ఆ మేరకు చెల్లవని 13వ అధికరణం చెబుతుంది. కానీ ఏది విరుద్ధమో ఎవరో ఒకరు వెళ్లి అడిగితేనే కోర్టు చెబుతుంది.

ఎవరూ వాడకపోతే చట్టం దానంతట అదే పోతుందా? దాదాపు పోదు. పుణె మున్సిపల్ కార్పొరేషన్, భారత్ ఫోర్జ్ కంపెనీల మధ్య ఆక్ట్రాయ్ వివాదంలో 1995లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని కొంత అంగీకరించింది. అయితే షరతులు గట్టివి. చట్టాన్ని చాలా కాలం వాడకుండా ఉంటే చాలదు, దానికి విరుద్ధమైన ఆచరణ కూడా చాలా కాలం స్థిరపడి ఉండాలి. అంత రుజువు చేయగలిగే కేసులు అరుదు. వాడని చట్టం అంటే చచ్చిన చట్టం కాదు. పోలీసుస్టేషన్‌లో ఎవరో ఒక అధికారికి గుర్తొచ్చేదాకా నిద్రపోతున్న చట్టం, అంతే.

తెలుగు నేలలో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడి చట్టాలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. కోస్తా, రాయలసీమలకు మద్రాసు ప్రెసిడెన్సీ చట్టాలు, తెలంగాణకు నిజాం చట్టాలు, వాటిపైన ఉమ్మడి రాష్ట్రం చేసినవి, ఆపైన కేంద్రానివి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 119వ సెక్షన్ ఎక్కడి చట్టం అక్కడే కొనసాగుతుందని చెప్పింది. అందుకే ఎన్నో చట్టాల పేర్ల పక్కన బ్రాకెట్లో ‘ఆంధ్ర ప్రాంతం’, ‘తెలంగాణ ప్రాంతం’ అని కనిపిస్తుంది. ఆ బ్రాకెట్లు వట్టి గుర్తులు కావు. ఒకే రాష్ట్రంలో రెండు న్యాయాలు నడిచాయనడానికి సాక్ష్యాలు. పైగా నిజాం చట్టాల మూలపాఠాలు ఉర్దూలో ఉండేవి. ఇంగ్లిష్ అనువాదంతో పని చేసే న్యాయవాదికి, తెలుగులో మాత్రమే చదవగలిగే రైతుకు మధ్య చట్టం మూడు భాషలు దాటి రావాలి.

2014లో ఈ పొరలను విప్పడానికి ఒక అవకాశం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 101వ సెక్షన్, విభజన తేదీ అయిన 2014 జూన్ 2 నుంచి రెండేళ్లలోపు పాత చట్టాలను తమకు తగినట్టు అన్వయించుకునే అధికారాన్ని రెండు ప్రభుత్వాలకూ ఇచ్చింది. సవరించడమే కాదు, అవసరమైతే రద్దు చేయడం కూడా అందులో ఉంది. గడువు ముగిసే సమయానికి, అంటే 2016 జూన్ నాటికి, తెలంగాణ ఉత్తర్వులిచ్చి పాత చట్టాలను పెద్ద సంఖ్యలో తనవిగా చేసుకుంది. చాలావాటిలో జరిగిన మార్పు ‘ఆంధ్రప్రదేశ్’ అన్న చోట ‘తెలంగాణ’ అని పెట్టడమే. కొత్త రాష్ట్రం నడవాలంటే ఆ పని తప్పదు. రెండేళ్లలో వందల చట్టాలను లోతుగా చదవడం కుదిరే పనీ కాదు. కానీ ఫలితం ఏమిటంటే, 1919 నాటి ఆ చట్టానికి కూడా కొత్త రాష్ట్రం పేరే వచ్చింది.

సమీక్ష చేసేది ఎవరు

పాత చట్టాల మీద కన్నేసి ఉంచే ప్రత్యేకమైన శాశ్వత కమిటీ మన శాసనసభల్లో సాధారణంగా ఉండదు. ప్రజాపద్దుల కమిటీ, అంచనాల కమిటీ, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ, హామీల కమిటీ, పిటిషన్ల కమిటీ, సభాహక్కుల కమిటీ ఉంటాయి. డబ్బు ఎలా ఖర్చయిందో, మంత్రి ఇచ్చిన హామీ ఏమైందో చూసేవాళ్లు ఉన్నారు. చట్టం ఏమైందో చూసేవాళ్లు మాత్రం లేరు.

కాబట్టి పని ఎక్కువగా సచివాలయంలోనే మొదలవుతుంది. చట్టాన్ని అమలు చేసే శాఖ ఫైలు కదుపుతుంది. రెవెన్యూ చట్టమైతే రెవెన్యూ శాఖ, జైళ్ల చట్టమైతే హోంశాఖ. ఆ ఫైలు న్యాయశాఖకు వెళ్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ శాఖ కార్యదర్శిగా సాధారణంగా న్యాయాధికారి ఉంటారు. రద్దు చేసే అధికారం రాష్ట్రానికి ఉందా, రాష్ట్రపతి ఆమోదం కావాలా, రద్దయితే ఏ కేసులు, ఏ హక్కులు వేలాడతాయి అన్నవి అక్కడ చూస్తారు. తర్వాత మంత్రివర్గం, ఆపైన బిల్లు. ఈ దారిలో ఒక లోపం అందరికీ తెలిసిందే. ఏ శాఖ చేతిలో అధికారం ఉందో ఆ శాఖే దాన్ని వదులుకోవడానికి ఫైలు కదపాలి.

బిల్లు సభలోకి వచ్చాక మంత్రి ముందు నాలుగు దారులుంటాయి. వెంటనే చర్చకు పెట్టడం, సెలెక్ట్ కమిటీకి పంపడం, రెండు సభలున్న చోట ఉమ్మడి కమిటీకి పంపడం, ప్రజాభిప్రాయం కోసం పంపిణీ చేయడం. సెలెక్ట్ కమిటీలో పార్టీల బలాన్ని బట్టి సభ్యులుంటారు. వారు బిల్లును క్లాజు తర్వాత క్లాజుగా చదువుతారు, అధికారులను, నిపుణులను, ప్రభావితమయ్యే వారిని పిలిచి వింటారు. ఒప్పుకోని సభ్యుడు అసమ్మతి నోటు రాయవచ్చు. నియమావళిలో ఇదంతా చక్కగా ఉంది. ఆచరణలో నాలుగు దారుల్లో మొదటిదే రాచబాట. రాష్ట్రాల చట్టసభల పనిని ఏటా లెక్కగట్టే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ ప్రకారం, 2023లో రాష్ట్రాల బిల్లుల్లో దాదాపు 44 శాతం ప్రవేశపెట్టిన రోజునో, మర్నాడో ఆమోదం పొందాయి. రాష్ట్రాల సభలు ఏడాదికి సగటున కూర్చునేది ఇరవై పైచిలుకు రోజులే. ఆ కొద్ది రోజుల్లో వందేళ్ల నాటి చట్టం వంతు ఎప్పుడు రావాలి?

ఇందులో కేరళ కొంత వేరు. 1980 నుంచీ అక్కడ విషయ కమిటీలు ఉన్నాయి. ప్రవేశపెట్టిన బిల్లు సంబంధిత కమిటీకి వెళ్లి రావడం అక్కడ మామూలు పద్ధతి. ఆ కమిటీకి శాఖ మంత్రే అధ్యక్షత వహించడం మీద విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే. అయినా బిల్లు ఒక గదిలో కూర్చుని చదవబడుతుంది, ప్రతిపక్ష సభ్యుడి పెన్ను దాని మీద పడుతుంది. చట్టాల మొత్తం సమీక్షకు కూడా కేరళ విడిగా కమిషన్ వేసుకుంది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ నాయకత్వంలోని లా రిఫార్మ్స్ కమిషన్ 2009లో నివేదిక ఇచ్చింది. ఇలాంటి కమిషన్లు సిఫార్సు చేయగలవు, అంతవరకే. వాటిని బిల్లులుగా మార్చేది మళ్లీ ప్రభుత్వమే.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఈ పని కోసమే 1934లో లా రివిజన్ కమిషన్ పెట్టుకుంది, కాలిఫోర్నియా 1953లో పెట్టుకుంది. టెక్సాస్‌లో 1977 నుంచి ఒక సన్‌సెట్ కమిషన్ ఉంది. ప్రభుత్వ సంస్థల కొనసాగింపును అది విడతలవారీగా సమీక్షిస్తుంది, చట్టసభ పొడిగించకపోతే ఆ సంస్థ మూతపడుతుంది. అక్కడ కొనసాగించడానికి కారణం చెప్పాలి. ఇక్కడ ఆపడానికి కారణం చెప్పాలి.

రద్దును రద్దు చేస్తే

తెలుగు పాఠకులకు సెలెక్ట్ కమిటీ అనే మాట బాగా పరిచయమైంది 2020 జనవరిలో. మూడు రాజధానుల బిల్లుతో పాటు, 2014 నాటి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టాన్ని, అంటే సీఆర్‌డీఏ చట్టాన్ని రద్దు చేసే బిల్లును కూడా ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించింది. శాసనమండలిలో ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ తన విచక్షణాధికారంతో రెండింటినీ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. కొద్ది రోజులకే, జనవరి 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానం చేసింది. ఆ సెలెక్ట్ కమిటీ ఏర్పడనే లేదు. జూన్‌లో శాసనసభ బిల్లులను రెండోసారి ఆమోదించింది. 197వ అధికరణం ప్రకారం మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి నెల రోజులు మాత్రమే బిల్లును ఆపగలదు. జూలై 31న గవర్నర్ సంతకంతో అవి చట్టాలయ్యాయి.

ఎవరి పక్షం ఎలా ఉన్నా, ఈ ఉదంతం ఒక విషయాన్ని బయటపెట్టింది. పరిశీలన కోసం పుట్టిన సెలెక్ట్ కమిటీని అధికార పక్షం అడ్డంకిగా చూసింది, ప్రతిపక్షం ఆయుధంగా చూసింది. భూములిచ్చిన రైతులను పిలిచి వినాల్సిన కమిటీ ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. వాళ్ల మాట వినిపించింది హైకోర్టులోనే.

దీనికి కొసమెరుపు 2021 నవంబరులో వచ్చింది. ప్రభుత్వం ఆ రెండు చట్టాలనూ వెనక్కి తీసుకుంది. రద్దు చట్టాన్ని రద్దు చేస్తే మొదటి చట్టం తనంతట తాను లేచి కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం అలా జరగదు. పునరుద్ధరిస్తున్నామని స్పష్టంగా రాయాలి. అందుకే ఆ బిల్లులో సీఆర్‌డీఏ చట్టం తిరిగి అమల్లోకి వస్తుందని విడిగా చెప్పాల్సి వచ్చింది. ఆ ఒక్క వాక్యం మరచిపోతే, రాజధాని ప్రాంతానికి ఏ చట్టమూ లేని స్థితి వచ్చేది.

చెరిపేయడం అంత తేలిక కాదు

అన్ని చట్టాలనూ రాష్ట్రం తానే రద్దు చేయలేదు. ఉమ్మడి జాబితాలోని అంశంపై కేంద్ర చట్టానికి భిన్నంగా రాష్ట్రం నడవాలంటే 254(2) కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. అంతకంటే విచిత్రమైనది 252వ అధికరణం. రాష్ట్రాలు కోరితే, వాటి పరిధిలోని అంశంపై పార్లమెంటు చట్టం చేస్తుంది. ఒకసారి చేశాక రాష్ట్రం దాన్ని తాకలేదు. పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం, 1976 అలాంటిదే. అప్పట్లో తీర్మానం చేసి ఆ చట్టం కోరుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1999లో పార్లమెంటు దాన్ని రద్దు చేసింది, కానీ ఆ రద్దు వర్తించాలంటే రాష్ట్రం మళ్లీ తీర్మానం చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది 2008 మార్చిలో అమల్లోకి వచ్చింది. తొమ్మిదేళ్లు ఢిల్లీలో చచ్చిన చట్టం హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో బతికే ఉంది.

రద్దయ్యాకైనా గొడవ తీరిందా అంటే లేదు. ఏ చట్టాన్ని రద్దు చేసినా అప్పటికే పుట్టిన హక్కులు, బాధ్యతలు, పెండింగ్ కేసులు ఏమవుతాయో చెప్పే సేవింగ్స్ క్లాజు ఉంటుంది. పట్టణ భూపరిమితి విషయంలో ఆ క్లాజు చెప్పింది ఇది. మిగులు భూమిని ప్రభుత్వం అప్పటికే స్వాధీనం చేసుకుని ఉంటే అది ప్రభుత్వానిదే, చేసుకోకపోతే చర్యలు ముగిసినట్టే. దాంతో ‘స్వాధీనం’ అనే ఒక్క మాట చుట్టూ ఏళ్లతరబడి వ్యాజ్యాలు నడిచాయి. కాగితం మీద పంచనామా రాస్తే చాలదని, భూమి నిజంగా చేతులు మారి ఉండాలని 2013లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన హరిరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రద్దు చట్టంలో సేవింగ్స్ క్లాజును ఎంత జాగ్రత్తగా రాశారన్న దాని మీద వేల కుటుంబాల ఇళ్లస్థలాలు ఆధారపడతాయి. ఒక్కరోజులో బిల్లు పాసైపోయినప్పుడు సభ్యులు చదవకుండా వదిలేసేది ఈ క్లాజునే.

ఇక్కడ ఇంకో జాగ్రత్త చెప్పాలి. పాత చట్టం, పనికిరాని చట్టం ఒకటి కావు. హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 1950 నాటిది. దానిలోని 38-ఇ సెక్షన్ కింద రక్షిత కౌలుదారులు యజమానులయ్యారు. తెలంగాణలో ఆ సర్టిఫికెట్ల మీద ఆధారపడ్డ వివాదాలు ఇప్పటికీ ఉన్నాయి. తేదీ చూసి ఆ చట్టాన్ని దుమ్ము దులిపి పారేస్తే నష్టపోయేది తాతల కాలంలో భూమి దున్నినవాడి మనవడే. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే నిబంధన మూలాలు 1917 నాటి మద్రాసు చట్టంలో ఉన్నాయి. అది 1959 రెగ్యులేషన్‌గా, 1970లో కట్టుదిట్టమైన 1/70గా మారింది. అడ్డంకి అనిపించినవారు దీన్ని కాలం చెల్లిందనడం మామూలే. 1348 ఫసలీ నాటి హైదరాబాద్ సిటీ పోలీసు చట్టాన్ని కూడా చూడండి. 1938 నాటిదైనా నగరంలో ఆంక్షల ఉత్తర్వులకు ఇప్పటికీ అదే ఆధారం. అది పాతది, కానీ చాలా చురుకైనది. దాన్ని పూర్తిగా తిరగరాయాలా అన్నది వేరే చర్చ. అలాంటి చర్చకు కమిటీయే సరైన వేదిక, ఎందుకంటే ఎవరికి పనికిరానిది ఎవరికి ప్రాణమో సచివాలయం ఫైల్లో కనిపించదు.

నిబంధనల చీకటిగది

చట్టాల కంటే ఎక్కువగా మనుషులను తాకేవి వాటి కింద ప్రభుత్వం చేసే నిబంధనలు. వీటిని చూడటానికి మాత్రం అసెంబ్లీలో ఒక కమిటీ ఉంది. దాని పేరు అధీన శాసనాల కమిటీ. మాతృచట్టం ఇచ్చిన అధికారాన్ని నిబంధన దాటిందా, వెనకటి తేదీ నుంచి వర్తింపజేశారా, పన్ను వేశారా, కోర్టుల జోక్యాన్ని అడ్డుకున్నారా అన్నవి అది చూడాలి. పెద్దగా వార్తల్లోకి రాని కమిటీ ఇది. సభలో కొత్తగా పెట్టిన నిబంధనల మీదే దాని చూపు ఎక్కువ ఉంటుంది. దశాబ్దాల కిందట పెట్టినవి ఇప్పుడెలా ఉన్నాయని వెనక్కి తిరిగి చూడటం అరుదు.

దాని పర్యవసానం 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టులో కనిపించింది. జైళ్లలో కులవివక్షపై జర్నలిస్టు సుకన్య శాంత వేసిన పిటిషన్‌లో అనేక రాష్ట్రాల జైలు మాన్యువల్స్ కోర్టు ముందుకొచ్చాయి. ఏ కులం ఖైదీ వంట చేయాలో, ఎవరు ఊడవాలో కొన్ని మాన్యువల్స్‌లో రాసి ఉంది. బ్రిటిష్‌వారు ‘నేరస్థ తెగలు’గా ముద్రవేసిన జాతులను 1952లో డీనోటిఫై చేశారు. ‘సంచార తెగ’, ‘నేరస్వభావం’ వంటి మాటలు మాత్రం జైలు నిబంధనల్లో అలాగే ఉండిపోయాయి. కోర్టు వాటిని కొట్టివేసి, మూడు నెలల్లో మాన్యువల్స్ సవరించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. డెబ్బై ఏళ్లలో ఏ రాష్ట్ర కమిటీ అయినా ఒక్క మధ్యాహ్నం కూర్చుని చదివినా ఆ మాటలు కంటపడేవి.

అంకెల మాయ, కొత్త పాతచట్టాలు

కేంద్రం ఈ పనిని పెద్ద ఎత్తునే చేసింది. 1998లో పి.సి. జైన్ కమిషన్ 1,382 చట్టాల రద్దుకు సిఫార్సు చేసింది. 2014లో రామానుజం కమిటీ, 2,781 కేంద్ర చట్టాల్లో 1,741 రద్దుకు తగినవని తేల్చింది. ఆ తర్వాత 1,500కు పైగా చట్టాలు రద్దయ్యాయి. వినడానికి గొప్పగా ఉండే ఈ అంకెలో చాలా భాగం పాత ద్రవ్య వినియోగ చట్టాలు, ఎప్పుడో అసలు చట్టంలో కలిసిపోయిన సవరణ చట్టాలు. వాటిని తీసేసినా ఎవరి బతుకూ మారదు. రాష్ట్రాలే రద్దు చేయాల్సినవిగా ఆ కసరత్తులో రెండు వందలకు పైగా చట్టాలు తేలాయి. వాటిలోనూ రాష్ట్రపతి పాలన కాలంలో పార్లమెంటు ఆమోదించిన బడ్జెట్ చట్టాలు ఉన్నాయి.

2023 నాటి జన్ విశ్వాస్ చట్టం దీనికి మెరుగైన నమూనా. 42 చట్టాల్లోని 183 నిబంధనలను మార్చిన ఆ బిల్లు ముందు పార్లమెంటు ఉమ్మడి కమిటీకి వెళ్లింది, నెలల పాటు చదివారు. చిన్న తప్పులకు జైలుశిక్షను తీసేసి జరిమానాలు పెట్టడం దాని ఉద్దేశం. వ్యాపారులకు మేలు చేసే సవరణలకు దొరికిన ఈ ఓపిక బిచ్చగాళ్లకు, సంచార జాతులకు సంబంధించిన చట్టాలకు దొరకలేదు. అదే దారిలో మధ్యప్రదేశ్ 2024లో రాష్ట్ర స్థాయి చట్టం చేసింది.

కాలం చెల్లడానికి నిజాం కాలం నాటిదే కానక్కర్లేదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసింది. ముప్పై ఏళ్లలో జనాభా లెక్క తలకిందులైంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో రాష్ట్ర సంతాన రేటు 1.7కు పడిపోయింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను ఎత్తేసింది. ఈ మధ్యలో ఆ నిబంధన వల్ల పోటీకే దూరమైన మహిళలకు ఆ ఎన్నికలు తిరిగి రావు.

కుష్ఠువ్యాధి విషయం మరీ బాధాకరం. మందుతో నయమయ్యే జబ్బు అది. అయినా అనేక రాష్ట్రాల పురపాలక, పంచాయతీ చట్టాలు ఆ రోగులను పదవులకు అనర్హులను చేశాయి. ఒడిశా చట్టంలోని అలాంటి నిబంధనను 2008లో సుప్రీంకోర్టు సమర్థిస్తూనే, వైద్యం మారిన సంగతి చట్టసభ ఆలోచించాలని సూచించింది. 2015లో లా కమిషన్ 256వ నివేదిక ఇదే చెప్పింది. కోర్టు చట్టసభ వైపు, కమిషన్ ప్రభుత్వం వైపు చూపిస్తే, ఆ చూపుడు వేళ్లన్నీ చేరాల్సిన చోట కూర్చుని పని చేసే కమిటీ లేకపోవడమే ఆలస్యానికి మూలం.

రాజకీయ వేడి ఉంటే మాత్రం వేగం ఎక్కడినుంచో వస్తుంది. 2023 అక్టోబరు చివర అమల్లోకొచ్చిన ఆంధ్రప్రదేశ్ భూయాజమాన్య హక్కుల చట్టం, ఎన్నికల్లో పెద్ద వివాదమై, 2024 జూలైలో అసెంబ్లీలో రద్దయింది. తొమ్మిది నెలలు. తెలంగాణ పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం 1971 నుంచి 2020 దాకా నిలిచింది. దాని స్థానంలో వచ్చిన ధరణి కాలపు చట్టం ఐదేళ్లు కూడా నిలవలేదు. దాని తర్వాతి భూభారతి ముసాయిదాను 2024 ఆగస్టులో ప్రజల ముందుంచి అభిప్రాయాలు తీసుకున్నారు, డిసెంబరులో సభ ఆమోదించింది. కమిటీ కాకపోయినా, ముందు చూపించి తర్వాత చేయడం అనే పద్ధతి మంచిదే. అది నియమం కాదు, ఆ ఒక్కసారికి ప్రభుత్వం ఎంచుకున్న దారి.

తీర్పు వచ్చాక మిగిలే పని

కోర్టు కొట్టేసిన చట్టం పుస్తకంలోంచి దానంతట మాయం కాదు. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు చెల్లదంది. ఆ తర్వాతా పోలీసులు ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారని 2021లో అదే కోర్టు దిగ్భ్రాంతి వ్యక్తం చేసింది. ఠాణాలో ఉండే పుస్తకంలో ఆ సెక్షన్ ఇంకా అచ్చులో ఉంటుంది, పక్కన చిన్న గమనిక తప్ప. దాన్ని తీసేయాల్సింది చట్టసభే.

పౌరులు అడగగలిగే దారులు కొన్ని ఉన్నాయి. శాసనసభ్యుడి ద్వారా సభకు పిటిషన్ సమర్పిస్తే అది పిటిషన్ల కమిటీకి వెళ్తుంది. సభ్యులెవరైనా ప్రైవేటు బిల్లు పెట్టవచ్చు. అది పాసవడం అరుదు, కానీ ప్రభుత్వం చేత సమాధానం చెప్పిస్తుంది. ఫలానా చట్టం కింద గత పదేళ్లలో ఎన్ని కేసులు పెట్టారని సమాచార హక్కు కింద అడిగితే, వచ్చే జవాబే ఆ చట్టం బతికుందో లేదో చెబుతుంది. ఫసలీ చట్టాలకు ఈ ప్రశ్న ఇంకా చాలావరకు ఎవరూ వేయలేదు.